మోటార్ కాలింది సరే, కాల్చింది ఏది? కేపీహెచ్‌బీ ట్రెడ్‌మిల్ కేసు

ఇంట్లో వాడే ట్రెడ్‌మిల్‌కి మోటార్ మార్చడం బ్రహ్మవిద్య ఏం కాదు, నాలుగు బోల్టులు, రెండు లావు వైర్లు, ఒక బెల్టు, చేయి తిరిగినవాడికి ఒక పూట పని కూడా కాదు. కానీ మార్చిన మోటార్ ఎన్నాళ్లు బతుకుతుందనేది మోటార్ చేతిలో లేదు, పైన తిరిగే వాకింగ్ బెల్టు, దాని కింద ఉన్న డెక్ చెక్క, దాని మీద నడిచే మనిషి, వీటి చేతిలో ఉంది. మన ఫీల్డులో చాలామందికి ఈ సంగతి తెలుసు, తెలిసి కూడా మోటార్ ఒక్కటి బిగించి డబ్బులు తీసుకుని వచ్చేస్తారు, అది నాకు అస్సలు నచ్చదు. అందుకే ఈ కేసు మొదటి నుంచి రీడింగులతో సహా రాస్తున్నా, కొత్తగా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లకీ, ఇంట్లో మిషన్ పెట్టుకుని ఎవర్ని నమ్మాలో తెలీని వాళ్లకీ పనికొస్తుంది.

హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఒక ఫ్లాట్. మడతపెట్టే మోడల్ మిషన్, 2020 లాక్‌డౌన్ టైంలో కొన్నది, వారంటీ ఎప్పుడో అయిపోయింది. వాడేది రిటైరైన సార్ ఒకాయన, బరువు 92 కేజీలు, స్టెంట్ వేశాక డాక్టర్ రోజూ నడవమన్నారు కాబట్టి పొద్దున్నే గంటకి 4 కిలోమీటర్ల స్పీడులో నలభై నిమిషాలు నడుస్తారు. కింద రోడ్డు మీద నడుద్దామంటే ఫుట్‌పాత్ ఉండదు, ఉన్నచోట బండ్లు ఎక్కిస్తారు, ఆయన భార్య, అంటే ఆంటీ, ఒప్పుకోరు. అంటే ఆ ఇంట్లో ట్రెడ్‌మిల్ షోకు వస్తువు కాదు, నిజంగా అవసరం.

కంప్లైంట్ ఇదీ: ముందు చాలా రోజులు పది పదిహేను నిమిషాలు నడవగానే మిషన్ దానంతట అదే ఆగిపోయేది, కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అయ్యేది. ఎవరో వచ్చి చూసి బాగు చేశారు, ఆ తర్వాత ఆగడం మానేసింది. కొన్నాళ్లకి కాలిన వాసన మొదలైంది, తర్వాత నడుస్తుంటే బెల్టు జర్క్ ఇవ్వడం, చివరికి స్టార్ట్ నొక్కగానే ఇంటి మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ట్రిప్ అవ్వడం. మధ్యలో ఎవరో వోల్టేజ్ ప్రాబ్లం అంటే స్టెబిలైజర్ కూడా కొన్నారు, అది పక్కనే ఉంది. సార్ ఫోన్లో ఒకటే మాట అన్నారు: "బాబూ, మోటార్ పోయిందట, మోటార్ తెచ్చి వేసెయ్యి, అంతే." నేను చూడకుండా మోటార్ తేను సార్ అని చెప్పి వెళ్లా.

కవర్ తీసేముందు ఒక విషయం. ప్లగ్ పీకాలి, స్విచ్ ఆఫ్ చేయడం కాదు, ఎర్ర సేఫ్టీ కీ లాగేయడం అసలే కాదు, ప్లగ్ పీకాలి. పీకాక కూడా మోటార్‌ని నడిపే కంట్రోల్ బోర్డు మీద ఉన్న పెద్ద కెపాసిటర్‌లో కరెంటు ఉంటుంది, 230 వోల్టుల ఏసీని డీసీ చేస్తే దాదాపు 325 వోల్టులు, అది ముట్టుకుంటే ఊరుకోదు. కొన్ని నిమిషాలు ఆగి మీటర్ పెట్టి చూసుకుని అప్పుడే చెయ్యి పెట్టాలి. నాతో వచ్చే కుర్రాడికి ఇది ప్రతిసారీ చెప్తా, వాడు "తెల్సన్నా" అంటాడు, అయినా చెప్తా.

కవర్ తీస్తే మోటార్ చుట్టూ నల్లటి పొడి, కార్బన్ బ్రష్‌ల నుంచి రాలింది, దాని మీద బట్టల నూగు, బాల్కనీ వైపు నుంచి వచ్చిన సన్నటి సిమెంటు దుమ్ము, పక్కన ఎక్కడో అపార్ట్‌మెంట్ కడుతున్నారు. వార్నిష్ కాలిన వాసన గుప్పుమంది. అంతవరకు మామూలే. నాకు కోపం తెప్పించింది వేరే. మోటార్‌లోంచి నాలుగు వైర్లు వస్తాయి కదా, ఎరుపు నలుపు లావు వైర్లు రెండూ పవర్‌కి, సన్నవి రెండు లోపల ఉండే థర్మల్ స్విచ్‌కి. మోటార్ మితిమీరి వేడెక్కితే ఆ స్విచ్ తెరుచుకుంటుంది, బోర్డుకి సమాచారం వెళ్లి మిషన్ ఆగిపోతుంది, చల్లబడ్డాక మళ్లీ మూసుకుంటుంది. ఈ మిషన్‌లో మోటార్ వైపు సన్న వైర్లు రెండూ కత్తిరించి వదిలేశారు, బోర్డు వైపు వైర్లు రెండూ ఒకదానికొకటి మెలిపెట్టి నల్ల టేపు చుట్టేశారు. అంటే బోర్డుకి ఎప్పుడూ "అంతా బానే ఉంది" అని అబద్ధం చెప్పే ఏర్పాటు. పది నిమిషాలకి ఆగిపోయే మిషన్‌ని "బాగు చేయడం" అంటే ఇదన్నమాట. మోటార్ నాకు వేడిగా ఉంది మొర్రో అని అరుస్తుంటే నోరు నొక్కేశారు. ఆ వైర్లని సార్‌కి చూపించి ఫోటో తీయించా. ఈ పని ఎవరు చేసినా తప్పే, స్టెంట్ ఉన్న పెద్దాయన నడిచే మిషన్ మీద చేయడం ఇంకా తప్పు.

మోటార్ నిజంగా పోయిందా

వాసన వచ్చింది కదా అని మోటార్ పోయిందని రాసెయ్యకూడదు, టెస్ట్ చేయాలి. ఇంటి మోడల్స్‌లో ఎక్కువగా ఉండేది పర్మనెంట్ మాగ్నెట్ డీసీ మోటార్, అంటే బాడీ లోపల గోడలకి అయస్కాంతాలు, మధ్యలో తిరిగే ఆర్మేచర్, దాని చివర రాగి పట్టీల కమ్యుటేటర్, దాన్ని రాసుకుంటూ రెండు కార్బన్లు. పెద్ద జిమ్ముల్లో ఉండే ఏసీ మోటార్ల సంగతి వేరు, వాటికి కార్బన్లు ఉండవు, ఆ టెస్టులు ఇక్కడ పనికిరావు.

మొదట మోటార్ బెల్టు, అంటే మోటార్‌ని ముందు రోలర్‌కి కలిపే చిన్న బెల్టు తీసేసి, వైర్లు బోర్డు నుంచి పీకేసి, మోటార్ షాఫ్ట్ మీద ఉండే బరువైన చక్రాన్ని (ఫ్లైవీల్) చేత్తో తిప్పా. మంచి మోటార్ అయితే మెత్తగా తిరిగి కాసేపు దొర్లుతుంది, తర్వాత ఎరుపు నలుపు వైర్లు రెండూ కలిపి పట్టుకుని తిప్పితే ఒక్కసారిగా బిగుసుకున్నట్టు బరువెక్కుతుంది, ఎందుకంటే తిరుగుతున్న మోటార్ జనరేటర్ లాగా కరెంటు పుట్టించి తన్ను తానే బ్రేక్ వేసుకుంటుంది. మీటర్ లేకుండా అర నిమిషంలో చేసే టెస్ట్ ఇది, అయస్కాంతం, వైండింగ్, కార్బన్ మూడూ ఒకేసారి తెలుస్తాయి. మన మోటార్ వైర్లు కలపకుండానే ఒక్కోచోట పట్టేస్తోంది, వదిలేస్తోంది, మళ్లీ పట్టేస్తోంది. అది బేరింగ్ పట్టడం కాదు, బేరింగ్ అయితే గరగర తెలుస్తుంది. ఇది లోపల చుట్లు షార్ట్ అయినప్పుడు వచ్చే పట్టు.

మీటర్ పెట్టి మెల్లగా తిప్పుతూ చూస్తే కొన్నిచోట్ల 2 ఓంలు, కొన్నిచోట్ల 9, 10కి ఎగురుతోంది. కార్బన్లు మురికి పట్టినా ఇలాగే ఎగురుతుంది కాబట్టి దీంతో తీర్పు చెప్పకూడదు. కార్బన్లు బయటికి తీశా, అరిగి బాగా పొట్టిగా అయ్యాయి, ఒకదాని అంచు చిట్లిపోయి ఉంది. ఆ కన్నంలోంచి టార్చ్ వేసి చూస్తే కమ్యుటేటర్ మీద ఎదురెదురుగా రెండు పట్టీలు మిగతావాటి కంటే నల్లగా కాలి గుంట పడ్డాయి. మోటార్ విప్పి పక్కపక్క పట్టీల మధ్య రీడింగ్ తీసుకుంటే అన్నీ ఒకేలా ఉన్నాయి, ఆ కాలిన చోట మాత్రం తేడా. చుట్టు షార్ట్ అయినా, తెగినా కమ్యుటేటర్ మీద ఇలాగే గుర్తు పడుతుంది.

తర్వాత ఆర్‌సీసీబీ ఎందుకు ట్రిప్ అవుతోందో చూడాలి. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటర్) వైండింగ్‌కీ షాఫ్ట్‌కీ మధ్య పెడితే దాదాపు సున్నా, కనీసం 1 మెగా ఓం అన్నా ఉండాలి. కార్బన్ పొడి కూడా కరెంటుని బాడీకి లీక్ చేస్తుంది, చాలా మోటార్లు బ్లోయర్ కొట్టి పొడి దులిపేస్తే బతికిపోతాయి, కాబట్టి పూర్తిగా దులిపి, బ్రష్‌తో తుడిచి మళ్లీ మెగ్గర్ పెట్టా. అదే రీడింగ్. వైండింగ్ మీద ఇన్సులేషన్ మాడిపోయింది, లీకేజీ అక్కడిదే. పైగా లోపల ఒక అయస్కాంతానికి పొడుగ్గా పగులు.

రీవైండింగ్ చేయించొచ్చు కదా అని సార్ అడిగారు, న్యాయమైన ప్రశ్నే. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు మోటార్ వైండింగ్ బాగా చేసేవాళ్లు ఉన్నారు, పట్టీలు బాగుండి చుట్లు మాత్రమే పోతే నేనే వాళ్ల దగ్గరికి తీసుకెళ్తా. ఇక్కడ కమ్యుటేటర్ గుంటలు పడింది, లేత్ మీద కోత వేసినా రాగి ఎంత మిగులుతుందో నమ్మకం లేదు, అయస్కాంతం పగిలింది, చుట్టాక బాలెన్సింగ్ కూడా చేయించాలి, లేకపోతే వైబ్రేషన్‌కి బేరింగులు పోతాయి. ఇన్ని ఉన్నప్పుడు వైండింగ్ డబ్బులు దండగ. కొత్త మోటారే కరెక్ట్ అని చెప్పా.

బెల్టు కింద ఏముంది

మోటార్ పోయిందని తేలింది, ఎందుకు పోయిందో చూడాలి. మోటార్ బెల్టు తీసే ఉంది కాబట్టి వాకింగ్ బెల్టుని చేత్తో లాగా, అంత తేలిగ్గా కదల్లేదు. లగేజీ తూకం వేసే చిన్న డిజిటల్ స్కేల్ ఒకటి నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది, బెల్టు అంచుకి క్లిప్పు పెట్టి దానితో లాగితే మనిషి లేకుండానే పది కేజీలు దాటింది. వెనక బోల్టులు వదులు చేసి చెయ్యి కిందకి పెట్టి చూస్తే బెల్టు అడుగు నేత మొత్తం అద్దంలా నున్నగా మెరుస్తోంది, వేళ్లకి జిగట అంటుకుంది, వాసన చూస్తే కొబ్బరినూనె.

ఆంటీ దాచలేదు. "ఆయిల్ వెయ్యమన్నారు కదా బాబూ, మిషన్ ఆయిల్ ఒకసారి, అది అయిపోతే కొబ్బరినూనె వేశాం, మెత్తగా ఉంటదని." ఆమె తప్పు ఏం లేదు, కొన్నప్పుడు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందకి వస్తే గడ్డకడుతుంది, మన హైదరాబాద్ చలికాలంలో పొద్దున ఐదు గంటలకి బాల్కనీ గదిలో అంతకంటే చల్లగానే ఉంటుంది, గడ్డకట్టిన నూనెలో దుమ్ము కలిస్తే రుద్దుడు పేస్టు తయారవుతుంది. మిషన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రేలు, గ్రీజు, ఇవన్నీ పెట్రోలియం సరుకు, బెల్టు పొరల్ని ఉబ్బించి పాడుచేస్తాయి. దీనికి వేయాల్సింది నూటికి నూరు శాతం సిలికాన్ ఆయిల్ ఒక్కటే, అది కూడా కొంచెమే.

బెల్టు పక్కకి జరిపి డెక్ చూస్తే, ఆయన పాదం పడే చోట ముందువైపు రెండు పెద్ద మచ్చలు, పైన ఉండాల్సిన నల్లటి గట్టి పొర పూర్తిగా అరిగిపోయి లోపలి చెక్క పొట్టు రంగు బయటపడింది. అంటే 92 కేజీల మనిషి గోకిన చెక్క మీద జిగట బెల్టుని రోజూ నలభై నిమిషాలు లాగించుకున్నాడు ఆ మోటార్‌తో.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి చెప్పాలి. మెల్లగా నడిస్తే మోటార్‌కి హాయి, పరిగెత్తితే కష్టం అనుకుంటారు. కాదు. ఈ మిషన్‌లో ముందు రోలర్ వ్యాసం 45 మిల్లీమీటర్లు, మోటార్ పుల్లీకీ రోలర్ పుల్లీకీ నిష్పత్తి దాదాపు 2.4, లెక్కేస్తే 14 కిలోమీటర్ల ఫుల్ స్పీడులో మోటార్ 4000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది, 4 కిలోమీటర్ల నడకలో 1150 దగ్గర మాత్రమే. చల్లబరిచే ఫ్యాన్ అదే షాఫ్ట్ మీద ఉంటుంది, అదీ అంత మెల్లగానే తిరుగుతుంది, గాలి రాదు. మెల్లగా నడిచే మనిషి పాదం బెల్టు మీద ఎక్కువసేపు మొత్తం బరువుతో ఆని ఉంటుంది, లాగాల్సిన బలం తగ్గదు. బలం ఎంత కావాలో ఆంపియర్లు అంత, కాబట్టి కరెంటు ఎక్కువ, గాలి తక్కువ. బరువున్న పెద్దవాళ్లు మెల్లగా నడిచే మిషన్లే ముందు కాలతాయి, నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇవే.

మరి మెయిన్ బోర్డులో ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఎందుకు పడలేదు, స్టెబిలైజర్ ఎందుకు పనికిరాలేదు? బోర్డు ఇక్కడ వోల్టేజీని తగ్గించి మోటార్‌కి ఇస్తుంది, నడక స్పీడులో మోటార్‌కి వెళ్లేది 60 వోల్టుల దరిదాపు, అక్కడ 8 ఆంపియర్లు పారినా అది 480 వాట్లు, గోడ ప్లగ్ వైపు చూస్తే రెండు మూడు ఆంపియర్లే కనిపిస్తాయి, అందుకే ఎంసీబీ పడదు. స్టెబిలైజర్ సరిచేసేది గోడ వైపు వోల్టేజీని, బెల్టు లాగే భారాన్ని కాదు. గోడ వైపు టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ తగిలించి ఆంపియర్లు చూసే మీటర్) పెట్టి "లోడు తక్కువే ఉంది సార్" అని చెప్పేవాళ్లని చూశా. మోటార్ ఎరుపు వైరు మీద పెట్టాలి, అదీ డీసీ చదివే టాంగ్ టెస్టర్, మామూలు ఏసీది పెడితే సరైన రీడింగ్ రాదు.

మోటార్ ఎంపిక

పాత మోటార్ ప్లేటు మీద ఉన్నది: 180 వోల్టుల డీసీ, 7 ఆంపియర్లు, 4000 ఆర్‌పీఎం, క్లాస్ బి ఇన్సులేషన్. మిషన్ కవర్ మీద ఉన్నది: 4 హెచ్‌పీ (హార్స్‌పవర్) పీక్. 180ని 7తో గుణిస్తే 1260 వాట్లు లోపలికి వెళ్లేది, నూటికి ఎనభై వంతులు పని అయిందనుకున్నా వెయ్యి వాట్లు, ఒక హెచ్‌పీకి 746 వాట్లు కాబట్టి 1.3, 1.4 హెచ్‌పీ. పీక్ అనేది క్షణంపాటు లాగగలిగేది, గంటసేపు ఇవ్వగలిగేది కాదు. కాబట్టి మోటార్ కొనేటప్పుడు కవర్ మీది స్టిక్కర్ వదిలేసి ప్లేటు చదవాలి.

స్పేర్ల షాపులో ఒక మోటార్ చూపించి "భయ్యా, ఇది పెట్టు, ఇంకా పవర్‌ఫుల్, రేటు కూడా తక్కువ" అన్నారు. సైజు అదే, బోల్టు కన్నాలు అవే, 180 వోల్టులే, కానీ 5200 ఆర్‌పీఎం. పైకి చూస్తే స్పీడు ఎక్కువే కదా మంచిదేగా అనిపిస్తుంది. అదే వోల్టేజీకి ఎక్కువ తిరిగే మోటార్ ప్రతి ఆంపియర్‌కీ తక్కువ బలం ఇస్తుంది, మన బెల్టుని లాగడానికి కావాల్సిన బలం మారదు కాబట్టి ఆంపియర్లు 30 శాతం దాకా పెరుగుతాయి, ఆ భారం కార్బన్ల మీదా బోర్డు మీదా పడుతుంది. మోటార్ బతికినా బోర్డు పోతుంది, అప్పుడు కస్టమర్ మళ్లీ మనకే ఫోన్ చేస్తాడు. వద్దన్నా. 4000 ఆర్‌పీఎం, 180 వోల్టులు, 7.5 ఆంపియర్లు, ఇన్సులేషన్ క్లాస్ ఎఫ్ ఉన్నది దొరికేదాకా ఆగా. క్లాస్ బి వైండింగ్ 130 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ఎఫ్ 155 దాకా, ఈ ఇంటికి ఆ తేడా పనికొస్తుంది.

ఇంకో రెండు చూడాలి. తిరిగే దిక్కు: ఫ్లైవీల్ వైపు నుంచి చూసి పాతది ఎటు తిరుగుతుందో రాసుకోవాలి. డీసీ మోటారే కదా, ఎరుపు నలుపు మార్చేస్తే వెనక్కి తిరుగుతుందిగా అంటారు, తిరుగుతుంది, కానీ ఫ్లైవీల్ మరతో బిగించి ఉంటే ఆ మర తిరిగే దిక్కుకి బిగుసుకునేలా కోసి ఉంటుంది, రివర్స్ తిప్పితే నడుస్తుండగానే ఊడే ప్రమాదం ఉంది, కొన్నిటిలో కార్బన్ల కోణం కూడా ఒకే దిక్కుకి సెట్ చేసి ఉంటుంది. రెండోది పుల్లీ గీతలు, మనది ఆరు గీతల జె సెక్షన్ బెల్టు, గీతకీ గీతకీ 2.34 మిల్లీమీటర్లు, కొత్త పుల్లీ వ్యాసం కూడా పాతదే ఉండాలి, లేకపోతే నిష్పత్తి మారిపోతుంది. స్పీడు సెన్సార్ మోటార్ మీద ఉన్న మిషన్లలో అయితే డిస్‌ప్లే తప్పు స్పీడు చూపిస్తుంది, స్టెంట్ ఉన్నాయన 4 అనుకుని 5లో నడుస్తారు.

వచ్చేటప్పుడు ముందు రోలర్‌కి రాణిగంజ్‌లో బేరింగులు తీసుకున్నా, 6203, లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు, రెండువైపులా రబ్బరు సీలు ఉన్నవి. పాతవి ఇంకా పోలేదు కానీ శబ్దం మొదలైంది, రోలర్ చేతిలో ఉన్నప్పుడే మార్చేయడం తెలివైన పని.

బిగించడం

కొత్త మోటార్ కలిపేముందు బోర్డు సంగతి తేల్చుకోవాలి. పాత మోటార్ షార్ట్ అయినప్పుడు బోర్డులో ఐజీబీటీ (మోటార్‌కి వెళ్లే కరెంటుని ఆన్ ఆఫ్ చేసే పార్టు) కూడా షార్ట్ అయి ఉండొచ్చు, అలాంటి బోర్డుకి మోటార్ కలిపితే స్విచ్ వేయగానే ఫుల్ స్పీడు, మనిషి పైన ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే మొత్తం మిషన్‌ని సిరీస్ బల్బు బోర్డు నుంచి, అంటే కరెంటు ఒక బల్బు గుండా వచ్చేలా పెట్టి ఆన్ చేశా, బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది, అంటే కెపాసిటర్ ఛార్జ్ అయింది, షార్ట్ లేదు. తర్వాత సిరీస్ తీసేసి, మోటార్ స్థానంలో ఒక 100 వాట్ల ఫిలమెంటు బల్బు కలిపి పవర్ ఇచ్చా, బల్బు వెలగలేదు, స్టార్ట్ నొక్కాక మెల్లగా ఎర్రబడి వెలుగు పెరిగింది, స్పీడు సెన్సార్ నుంచి సమాచారం లేదు కాబట్టి కాసేపటికి ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. ఇలాగే ఉండాలి. పవర్ ఇవ్వగానే బల్బు ఫుల్లుగా వెలిగితే బోర్డు పోయినట్టే.

మోటార్ బిగింపు తొందరగా అయిపోయింది, 13 నంబర్ పానాతో నాలుగు బోల్టులు. ఎర్త్ వైరు బాడీకి వెళ్లే చోట పెయింటు గోకి ఇనుము కనపడేదాకా రుద్ది బిగించా, పెయింటు మీద బిగించిన ఎర్త్ ఎర్త్ కాదు. థర్మల్ వైర్లు రెండూ మెలికలు విప్పి, కొత్త మోటార్ సన్న వైర్లకి సరైన కనెక్టర్లతో కలిపా. స్టీలు స్కేలు రెండు పుల్లీలకి ఆనించి వరస చూసుకున్నా, పుల్లీలు వంకరగా ఉంటే బెల్టు ఒక అంచు తినేస్తుంది. బెల్టు టైటు ఎక్కువ పెడితే జారదు కదా అని లాగి పెట్టకూడదు, ఆ ఒత్తిడంతా మోటార్ బేరింగ్ మీదా రోలర్ బేరింగ్ మీదా పడుతుంది. స్పీడు సెన్సార్‌కీ పుల్లీ మీది చిన్న అయస్కాంతానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచా.

ఇక సార్‌కి చూపించాల్సింది ఉంది. పాత బెల్టు, పాత డెక్ మీదే కొత్త మోటార్‌ని ఒక్క నిమిషం నడిపించా, ఎరుపు వైరుకి టాంగ్ టెస్టర్ తగిలించి సార్‌ని 4 స్పీడులో నడవమన్నా. ఆయన భార్య మీటర్ పట్టుకుని చదివారు: 8, 8.2, అడుగు పడినప్పుడల్లా 9 దాకా. ప్లేటు మీద ఎంత ఉందో కూడా ఆమెతోనే చదివించా, 7.5. "అంటే ఇది కూడా కాలిపోతుందా?" అన్నారు సార్. ఈసారి థర్మల్ ఉంది కాబట్టి ముందు ఆగిపోతుంది, మళ్లీ ఎవరైనా వచ్చి ఆ వైర్లు కలిపితే కాలిపోతుంది అని చెప్పా. బెల్టు, డెక్ పని ఒప్పుకోవడానికి అంతకుమించి మాట్లాడాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే ఖర్చు కూడా మోటార్‌లో మూడోవంతే.

డెక్ అదృష్టం కొద్దీ రెండువైపులా గట్టి పొర ఉన్నది, తిరగేస్తే చాలు, కొత్తది కొనక్కర్లేదు. కానీ తిరగేసి స్క్రూలు బిగించేస్తే కుదరదు, స్క్రూ తల కూర్చునే గుంట పాత పైభాగంలో ఉంటుంది, తిరగేశాక ఆ తల ఉబ్బి బెల్టు అడుగుని కోసేస్తుంది. ప్రతి కన్నానికీ కొత్త వైపు కౌంటర్‌సింక్ బిట్‌తో గుంట తీసి, అంచులు సన్న ఎమ్రీ పేపర్‌తో నున్న చేసి, వేలితో తడిమి తల ఎక్కడా తగలట్లేదని చూసుకుని అప్పుడు బెల్టు ఎక్కించాం. బెల్టు ఆర్డర్ ఇచ్చేటప్పుడు పాతదాన్ని కోసి పూర్తి చుట్టు కొలత ఇచ్చాం, సాగిన బెల్టు కాబట్టి రోలర్ల మధ్య దూరంతో కూడా సరిచూసుకున్నాం. బెల్టు అడుగున ఉన్న బాణం గుర్తు తిరిగే దిక్కుకి పెట్టాలి, జాయింటు ఆ దిక్కుకే వేసి ఉంటుంది. రోలర్ల మీద గట్టిపడ్డ నూనె మురికిని ప్లాస్టిక్ ముక్కతో గీకి, స్పిరిట్‌తో తుడిచాం. సిలికాన్ రెండువైపుల నుంచి మధ్యకి వచ్చేలా సన్న గీతగా వేసి, మనిషి లేకుండా మెల్లగా తిప్పి పరిచాం.

లగేజీ స్కేల్‌తో లాగితే నాలుగు కేజీల లోపు. సార్ ఎక్కారు, అదే 4 స్పీడు, అదే మనిషి, అదే మోటార్: 4 ఆంపియర్లు, అడుగు పడినప్పుడు 4.6. ఆంటీ మీటర్ వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. నలభై నిమిషాలు పూర్తిగా నడిపించి మోటార్ బాడీ మీద చెయ్యి పెట్టి చూశా, వెచ్చగా ఉంది, చెయ్యి తీసెయ్యాలనిపించేంత కాదు. ఆర్‌సీసీబీ కదల్లేదు.

జారుడు టెస్ట్ కూడా చేశా, చాలామంది ఇది వదిలేస్తారు. 2 స్పీడులో పెట్టి, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, కాళ్లతో బెల్టుని ఆపడానికి ప్రయత్నించాలి, కవర్ తీసే ఉంచి పక్కన ఒకరు చూడాలి. బెల్టు ఆగి ముందు రోలర్ తిరుగుతుంటే వాకింగ్ బెల్టు వదులు, రోలర్ కూడా ఆగి మోటార్ మాత్రం తిరుగుతుంటే మోటార్ బెల్టు వదులు. మనకి రెండూ జారలేదు. ఇది మేం మాత్రమే చేయాలి, ఇంట్లో పెద్దవాళ్లు చేయకూడదు.

బయల్దేరేముందు ఆంటీకి మూడు సంగతులు చెప్పా. సిలికాన్ వేసేముందు బెల్టు కిందకి చెయ్యి పెట్టి చూడండి, వేళ్లకి తడి జాడ తగిలితే వెయ్యొద్దు, పొడిగా ఉంటేనే వెయ్యండి. తడిగుడ్డతో ఇల్లు తుడిచేటప్పుడు మిషన్ ముందు భాగం కిందకి నీళ్లు పోనివ్వద్దు. మిషన్ దానంతట అది ఆగిపోతే మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయకుండా నాకు ఫోన్ చెయ్యండి. స్టెబిలైజర్ ఫ్రిజ్‌కి పెట్టుకోవచ్చా అని అడిగారు, దాని రేటింగ్ చూసి సరిపోతుందని చెప్పా. కవర్ లోపలివైపు మార్కర్‌తో తేదీ, మోటార్ ప్లేటు వివరాలు, 4 స్పీడులో 4 ఆంపియర్లు అని రాసిపెట్టా, తర్వాత వచ్చేది నేనైనా ఇంకెవరైనా ముందు ఆ నంబరుతో పోల్చుకోవాలి, 6 దాటితే డెక్ చూడాలి.

కొత్త బెల్టు మొదటి వారాల్లో కొంచెం సాగుతుంది, అందుకని తర్వాత ఒకసారి వెళ్లి చూశా. బెల్టు ఎడమవైపుకి వేలెడంత జరిగింది, వెనక ఎడమ బోల్టు పావు తిప్పు బిగించి కాసేపు నడవనిచ్చి, మధ్యకి వచ్చాక రెండూ సమానంగా ఇంకో పావు తిప్పా. రీడింగ్ 4.1. ఎలెన్ కీ ఆంటీ చేతికిచ్చి ఆమెతోనే ఒకసారి తిప్పించా, ఎటు జరిగితే ఆ వైపు బోల్టు, ఒకేసారి పావు కంటే ఎక్కువ వద్దు అని.